మా వియ్యపురాలి దొనదారి

మా వియ్యపురాలు చనిపోయిందని అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను ఎమ్మిగనూరు బస్టాండు పక్కన ఉగ్గాని తింటున్నాను. పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుని టీ అడిగిందట. అమ్మాయి గ్లాసు పట్టుకుని వచ్చేసరికి ప్రాణం లేదు. జ్వరం లేదు, ఆసుపత్రి లేదు, ఎవరికీ ఒక్క పూట కష్టం పెట్టలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని ప్లేటు వైపు చూశాను. సగం ఉగ్గాని, ఒక మిరపకాయ బజ్జి మిగిలి ఉన్నాయి. అబద్ధం ఎందుకు, మొత్తం తినే లేచాను. వదిలేసి పరుగెత్తి ఉంటే ఆమె పైనుంచి చూసి, 'మా అన్న బజ్జి ఇడిసిపెట్టినాడంటే నేను సచ్చింది నిజమే' అని నవ్వి ఉండేది.

ఆమె మా పెద్దమ్మాయికి అత్త. ఆదోని దగ్గర కొండల కింద ఒక మెట్ట ఊరు వాళ్ళది. మాది మగ్గం ఇల్లు. వాళ్ళు మా కులంవాళ్ళే గానీ తాతల నాడే మగ్గం అటక మీద పెట్టేసి సేద్యంలోకి దిగారు. వియ్యమందిన రోజు నుంచి నన్ను ఆటపట్టించడం ఆమె పని, తిరిగి అనడం నా పని. ఇప్పుడు అనేవాళ్ళు లేరు కాబట్టి నా నోటికి పని తగ్గింది. అందుకే చేతికి పని చెప్పి ఇది రాస్తున్నాను. చదువు నాకు అయిదో తరగతి దగ్గరే అలిగి వెళ్ళిపోయింది, అక్షరాలు అక్కడక్కడా కుంటితే సర్దుకోండి.

చెప్పాల్సింది దొనదారి గురించి. దొన అంటే కొండమీద రాతిలో దానంతట అదే ఏర్పడిన నీటి మడుగు. ఆ ఊరికి కనబడే కొండ ఎక్కి, అవతల వాగువంకలోకి దిగి, మళ్ళీ వెనక కొండ ఎక్కితే ఒక పెద్ద దొన ఉంది. చుట్టూ జొన్న మూటలు పేర్చినట్టు రాతిగుండ్లు. ఊళ్ళో బోర్లు ఎండిన ఏడు కూడా దాని అడుగున నీళ్ళు ఉన్నాయి. గొర్రెలవాళ్ళకు ఎండాకాలం అదే ఆధారం. కార్తీక సోమవారాల్లో ఆడవాళ్ళు వెళ్ళి అక్కడ దీపాలు వదులుతారు.

ఒకప్పుడు ఆ దారిని ఎవరూ చూసుకోనక్కర లేకపోయింది. కట్టెలకని, గడ్డికని రోజూ జనం నడిచేవాళ్ళు. ఇంటింటికీ గ్యాసు వచ్చింది, కొండకు పోయే కాళ్ళు ఆగిపోయాయి. కాళ్ళు ఆగిన చోటికి ముళ్ళకంప వచ్చింది. మా వైపు కంపకు ఎవరూ నీళ్ళు పోయరు, ఎవరూ ఎరువు వేయరు. ఒక్క వానాకాలం వదిలిపెడితే మనిషి ఎత్తు లేస్తుంది. రెండో ఏడు ఇక్కడ దారి ఉండేదని చెప్పినా నమ్మేవాళ్ళు ఉండరు. "దారికి కాళ్ళే తిండి అన్నా. ఒక ఏడు పస్తు పెడితే సస్తాది" అనేది ఆమె. అందుకని ప్రతి ఏటా దసరా పోయి వానలు వెనకబట్టాక నలుగురినీ పిలిచి ఆ దారి శుభ్రం చేయించేది. కూలి లేదు, పంచాయతీ తీర్మానం లేదు. ఆమె పిలుపే. ఒక గొర్రెల కాపరి, ఒక ఆటో డ్రైవరు, చర్చికి పోయే కూలి దంపతులు, మా అల్లుడు, ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి నేను. ఇంకా ఎవరికి తీరితే వాళ్ళు.

నన్ను ఈ పనిలోకి దించింది అమ్మాయి పెళ్ళైన కొత్తలో. వియ్యాలవారి ఇంటికి తొలిసారి పోతే ఎవరైనా పంచె పెడతారు. ఆమె పంగలకర్ర పెట్టింది. అంటే చివర రెండుగా చీలిన పొడుగు కర్ర. నరికిన కంపను చేత్తో ముట్టకుండా దాంతో నెడతారు. భోజనం చేసి చెయ్యి కడుక్కుంటుంటే అది తెచ్చి నా పక్కన గోడకు ఆనించింది.

"మగ్గం గుంతలో కూసోని కూసోని మీ కాళ్ళు మెత్తగయిపోయింటాయి. కొండ సూపిస్తా రాండన్నా" అంది.

"నా కాళ్ళు మెత్తగుంటే నీకేం నష్టం తల్లీ. నీ కొడుక్కి ఇచ్చింది పిల్లనే గానీ నా కాళ్ళను కాదు గదా."

"పిల్లకు గూడా మీ కాళ్ళే వచ్చినాయి. అదే నా దిగులు."

మా అమ్మాయి తలుపు వెనక నిలబడి విన్నది. కొత్త కోడలు, తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. కానీ ఆ మాట మనసులో పెట్టుకుందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఆమె పని పెట్టే పద్ధతి వేరు. అందరూ గుంపుగా ఒకచోట పడి నరకడం ఉండదు. ఒక గుండు దగ్గర నుంచి ఇంకో గుండు దాకా ఒక మనిషి కొలత. ఎవరి కొలత వాళ్ళది, ప్రతి ఏడూ అదే. నాది సగం దారిలో మలుపు పైన ఉండే ముక్క. దొన పక్కన కొలత ఆమెది. కంప కొమ్మలు కొట్టి వదిలితే ఒప్పుకునేది కాదు, గడ్డపారతో వేరు లేపాల్సిందే. "కొడితే పంతం పట్టి పెరుగుతాది. పెరికితే సిగ్గుపడి పోతాది" అనేది. పెరికినదాన్ని పొలం ఉన్నవాళ్ళు కంచె వేసుకోవడానికి ఈడ్చుకుపోయేవాళ్ళు.

అందరి పనీ అయ్యాక పరీక్ష ఉండేది. ఆమె దొనలో కాసేపు కాళ్ళు పెట్టుకుని కూర్చునేది. తర్వాత చెప్పులు ఎవరో ఒకరి చేతికిచ్చి, ఒట్టి కాళ్ళతో దారంతా కిందికి నడిచేది. మేమందరం వెనక. ముల్లు గుచ్చుకుంటే అమ్మా అని అరవదు. ఆగుతుంది, కొంగలాగా ఒంటికాలి మీద నిలబడి ముల్లు లాగుతుంది. దాన్ని పారేయదు. ఆ కొలత ఎవరిదో వాళ్ళ అరచేతిలో పెడుతుంది. "ఇది మీదే అన్నా, ఇంటికి తీసకపోండి." ముల్లు అందుకున్నవాడు వెనక్కి పోయి తన ముక్క మళ్ళీ చూసుకోవాలి. అంతసేపూ మిగతావాళ్ళు నీడన కూర్చుని బొరుగులు తింటూ, వాడి పనితనం మీద వాళ్ళ అభిప్రాయాలు చెప్పుకుంటారు. ఆమె మాత్రం కూర్చోదు. ఎండకు కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎప్పుడు లేస్తాడా అని చూస్తూ నిలబడుతుంది.

నా కొలతలో ముల్లు దొరకని ఏడు నాకు గుర్తు లేదు. నీ కాలే వెతుక్కుంటూ పోయి గుచ్చుకుంటుందని వాదించేవాణ్ణి. చెప్పులేసుకుని నడిస్తే మాకందరికీ ఈ అవమానం తప్పుతుంది కదా అని ఒకసారి గట్టిగానే అడిగాను. "సెప్పులేసుకున్నోనికి ముల్లుందో లేదో ఏం తెలుస్తాది? గొర్రెకు సెప్పులుండాయా? మొక్కుకోని వచ్చే ఆడోళ్ళకు సెప్పులుండాయా?" అంది. గొర్రెల కాపరి తల ఊపాడు. తన గొర్రెల పేరెత్తితే అతను ఏ పక్షానికైనా తల ఊపుతాడు.

ఇంత పద్ధతిగా జరుగుతున్న పనిలో ఒక ఏడు మా అల్లుడు తెలివి పెట్టాడు. ఎక్కడో కొండలు ఎక్కేవాళ్ళు దారి తప్పకుండా రాళ్ళకు రంగు గుర్తులు పెడతారని ఫోన్లో చూశాడు. ఇంటికి వేయగా మిగిలిన సున్నం ఉంది. నా కొలతకు కింద, ఊరి వైపు మలుపు దగ్గర నిలువెత్తు రాయి ఒకటి ఉంది. దానికి సున్నం కొట్టాడు. ఒట్టి తెలుపు ఎండలో కంటికి ఆనదని ఎర్రమన్ను కలిపి పట్టెలు తీశాడు. నేను పక్కనే నిలబడి చాలా బాగుందన్నాను. మన వైపు రాయికి సున్నం కొట్టి ఎర్రపట్టెలు వేస్తే అది ఏమవుతుందో మామకు తట్టలేదు, అల్లుడికీ తట్టలేదు.

ఊరికి తట్టింది. కొన్నాళ్ళకే రాతి ముందు టెంకాయ చిప్పలు కనబడ్డాయి. తర్వాత పసుపు, నిమ్మకాయలు. ఎవరికో తప్పిపోయిన బర్రె దొరికిందట, ఆ రాతికి మొక్కుకున్న రోజే. ఇంకేముంది, ఆలూరు వైపు నుంచి కూడా ఆటోల్లో దిగి జనం కొండెక్కడం మొదలుపెట్టారు. దారికి తిండి దొరికిందని ముందు మేం సంతోషించాం. తర్వాత అర్థమైంది. వచ్చినవాళ్ళు రాతి దాకా వస్తున్నారు, టెంకాయ కొడుతున్నారు, అక్కడి నుంచే దిగిపోతున్నారు. దేవుడు సగం దారిలోనే దొరికాక దొన దాకా ఎవరు పోతారు? రాతికి ఇవతల దారి రోడ్డులాగా తయారైంది. అవతల కంప కమ్ముకొచ్చింది.

సున్నం కడిగేద్దామని అల్లుడు బిందె ఎత్తాడు. "నువ్వు కడుగు, నేను ఆటోలో కూసోని సూస్తాంటా" అన్నాడు డ్రైవరు. అల్లుడు బిందె దించాడు. చర్చికి పోయే దంపతుల వైపు నేను ఆశగా చూశాను. "మాకేం బయం లేదు పెద్దాయనా, కానీ మేం కడిగితే ఊర్లో కత వేరే అవుతాది" అన్నాడు అతను. అదీ నిజమే.

మా వియ్యపురాలు ఆ రాతి ముందు చాలాసేపు నిలబడింది. మొక్కలేదు, నవ్వలేదు. అప్పుడే తుగ్గలి వైపు నుంచి ఒకామె మొక్కు తీర్చుకోవడానికి టెంకాయ పట్టుకుని వచ్చింది. కొట్టబోతుంటే మా వియ్యపురాలు ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఈయప్ప వాకిలి కాసేటాయనమ్మా. ఈయనకు టెంకాయ వద్దు. ఈడ నుంచి దొన కాడికి పోతా ఒక కంపసెట్టు ఏరుతో పెరికి, దిగేటప్పుడు తెచ్చి ఈయన ముందర పెట్టాల. అదే ఈయన మొక్కు."

"ఎవరు సెప్పినారక్కా?" అని అడిగింది ఆమె.

"నేను సెప్తాండా గదా."

ఆ తుగ్గలి ఆమె కొంగు నడుముకు దోపుకుని దొన వైపు పోయింది. వేరుతో సహా కంపమొక్క తెచ్చి రాతి ముందు పెట్టి, దణ్ణం పెట్టుకుని, టెంకాయ మా చేతికి ఇచ్చింది. బొరుగుల్లోకి కొబ్బరి కలిసింది. ఆమె తన ఊళ్ళో చెప్పింది, వాళ్ళు ఇంకో ఊళ్ళో చెప్పారు. ఇప్పటికీ ఆ రాతి ముందు ఎప్పుడు చూసినా వేర్ల కుప్ప ఉంటుంది, రాతికి ఎవరో ఒకరు కొట్టిన కొత్త సున్నం ఉంటుంది. చర్చి దంపతులకు ఆమె ముందే చెప్పింది, మీరు మొక్కొద్దు, పెరకండి చాలని. వాళ్ళు ఎప్పటిలాగే పెరికారు.

నేను ఊరుకుంటానా. దేవుని పేరు చెప్పి కూలి లేకుండా జనాన్ని పనిలోకి దించావు, నీ అంత మేస్త్రీ జిల్లాలో లేదన్నాను. ఆమె గడ్డపార మీద గడ్డం ఆనించి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "దేవుడు మాత్రం ఊరికే నిలబడుకోని ఏం జేస్తాడన్నా, మీ మాదిరి" అంది.

ఇంట్లో మాత్రం ఈ కొండ వల్ల పోరు ఉండేది. పరీక్ష అయిన సాయంత్రం గడప మీద అత్త కాలు కోడలి ఒడిలోకి వచ్చేది. దారిలో తీసినవి పోగా లోపల విరిగినవి ఉంటాయి కదా. మా అమ్మాయి ఒక పిన్నీసు, కాస్త జిల్లేడుపాలు పెట్టుకుని ఒక్కొక్కటే తీసేది. తీస్తూ గొణిగేది. "పేరు ఆయమ్మకు, ముండ్లు నాకు" అని నాతో ఎన్నోసార్లు అంది. ఒకసారి ఆదోనికి పోయి గుడ్డబూట్లు కొనుక్కొచ్చి అత్త ముందు పెట్టింది. ఆమె వాటిని తిరగేసి మరగేసి చూసి, బాగున్నాయని మెచ్చుకుని, వాటిల్లో విత్తనానికి దాచిన తెల్లగడ్డలు పోసి అటక మీద పెట్టింది. ఆ దెబ్బకు ఇద్దరికీ కొన్నాళ్ళు మాటల్లేవు. మా అమ్మాయి అన్నం గంప రాతి దాకా మోసుకొచ్చేది, అంతకు మించి ఒక్క అడుగు వేసేది కాదు. "కొండ మీకు, కొంప నాకు" అని అక్కడి నుంచే దిగిపోయేది.

అయితే ఒకటి. ముల్లు తీసేటప్పుడు ప్రతిదానికీ అడిగేది, ఇది ఎక్కడిదని. అత్త కళ్ళు మూసుకుని చెప్పేది. ఇది గుండ్ల సందులోది, వంగి నడవాల. ఇది వంకలోది, ఆడ ఇసుక మెత్తగుంటాది, ముల్లు కనపడదు. ఇది మీ నాయనది, ఏటేటా ఉండేదే. ఒకసారి నేను పక్కన మంచం మీద పడుకుని నిద్ర నటిస్తూ ఇదంతా విన్నాను. నా ముల్లు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ కలిసి నవ్వారు. మాటల్లేని రోజుల్లో కూడా ఆ ప్రశ్నా, ఆ జవాబూ ఆగలేదని అల్లుడు తర్వాత చెప్పాడు.

ఆమె పోయింది వినాయక చవితి దాటాక. దినాల రోజు పందిట్లో దారి పనివాళ్ళందరం ఒక వరుసలో కూర్చున్నాం. ఈ ఏడు వానలు బాగా పడ్డాయని గొర్రెల కాపరి అన్నాడు. వానలు బాగా పడ్డాయంటే కంప కూడా బాగా లేచిందనే. అందరికీ అర్థమైంది. దసరా వచ్చింది, పోయింది. వేరుశెనగ బుడ్డలు పీకే పని ఉందని ఒకరు, పత్తి విడిపించాలని ఒకరు. అసలు కారణం అది కాదు. ప్రతి ఏడూ ఆ పనులు ఉండేవి. పిలిచేవాళ్ళు లేరు, అంతే. ఇంకొకరు పిలుస్తారేమోనని అందరం చూస్తున్నాం. నేనూ ఎమ్మిగనూరులో కూర్చుని ఫోన్ చూసుకుంటూ, నాకు షుగర్ ఉంది, వయసైంది, నేనెవర్ని పిలవడానికి అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఈ ఏడు దాటితే ఆ దారి ఇక ఉండదని మాత్రం నాకు తెలుసు.

కార్తీకం ఇంకో వారంలో వస్తుందనగా అమ్మాయి ఫోన్ చేసింది. ఆదివారం రమ్మంది, నీ పంగలకర్ర తీసి బయట పెట్టానంది. మిగతావాళ్ళకు ఎవరు చెప్పారని అడిగాను.

"నేనే సెప్పినా" అంది.

అందరూ వచ్చారు. ఎవరి కొలతలో వాళ్ళు దిగారు. గడ్డపారలు రాతికి తగిలిన చప్పుడే వినబడింది. దొన పక్కన ఆమె కొలత అల్లుడు తీసుకున్నాడు. నేను నా ముక్కను ఎప్పుడూ లేనంత శ్రద్ధగా చేశాను. నవ్వేవాళ్ళు లేనప్పుడు పని తొందరగా అవుతుందని ఆ రోజు తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

ఎండ ఏటవాలయ్యేసరికి దొన దగ్గర చేరాం. మా అమ్మాయి అన్నం గంప నెత్తిన పెట్టుకుని, రాయి దాటి, వంక దాటి, మొదటిసారి అక్కడి దాకా వచ్చింది. గంప దించి ఆ నీళ్ళ వైపు చూసింది. వానలకు నిండుగా ఉంది దొన, గుండ్ల నీడ సగం నీటి మీద పడి ఉంది.

"ఇన్నేండ్లు నేను తీసిన ముండ్లన్నీ దీనికేనా" అంది.

అన్నాలు తిన్నాం. ఇక పరీక్ష మిగిలింది. గొర్రెల కాపరి మబ్బు ఉందేమోనని ఆకాశం చూశాడు. డ్రైవరు సిగ్నల్ రాని ఫోన్ చూశాడు. అల్లుడు తన చెప్పుల్ని చూసుకున్నాడు. ఎవరూ అడగకుండానే నేను, షుగర్ ఉన్నవాళ్ళు ఒట్టి కాళ్ళతో నడవకూడదని డాక్టరు చెప్పాడని చెప్పాను. దొన అంచున కూర్చుని నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకున్న మా అమ్మాయి అది విని కూడా తిరగలేదు. కాసేపటికి లేచింది. చెప్పులు నా చేతికిచ్చింది.

"పట్టుకో నాయనా."

తడి కాళ్ళతో ముందు నడిచింది. మేమంతా వెనక. ఎప్పుడూ నడవని దారిలో ఆమె ఎక్కడా తడుముకోలేదు. గుండ్ల సందు రాకముందే వంగింది. వంకలో ఇసుక దగ్గర అడుగు మెల్లగా వేసింది, వేళ్ళతో ముందు తడిమి తర్వాత మడమ ఆనించింది. నేను ఆ మడమలనే చూస్తూ నడిచాను. నా కాళ్ళే, నిజమే. మెత్తటి కాళ్ళు. వంక ఎక్కాం, డ్రైవరు ముక్క దాటాం, చర్చి దంపతుల ముక్క దాటాం. ఆమె ఆగలేదు. నా ముక్క మొదలైంది.

నా కొలత మొత్తం దాటినట్టే అనుకున్నాను. చివరి అడుగులో, రాయి పక్కన, ఆగింది.

ఒక చెయ్యి ఆ సున్నపు రాతికి ఆనించి, కాలు పైకి మడిచి, కొంగలాగా నిలబడి ముల్లు లాగింది. పారేయలేదు. వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది. వెనక్కి తిరిగి, చెప్పులు పట్టుకున్న నా చెయ్యి కాకుండా ఇంకో చెయ్యి చాపమన్నట్టు చూసింది. చాపాను.

"ఇది నీదే నాయనా. ఇంటికి తీసకపో."

నా వెనక ఎవరో కిసుక్కుమన్నారు. బొరుగుల మూట విప్పిన చప్పుడు వినబడింది. గొర్రెల కాపరి నీడ చూసుకుని చతికిలబడ్డాడు. నేను ముల్లు చొక్కా జేబులో వేసుకుని, పంగలకర్ర తీసుకుని వెనక్కి పోయి, మోకాళ్ళ మీద కూర్చుని నా ముక్క మళ్ళీ మొదటి నుంచి తడమడం మొదలుపెట్టాను. పనితనం మీద అభిప్రాయాలు మొదలయ్యాయి. డ్రైవరు గొంతు అన్నింటికంటే పెద్దగా ఉంది.

కాసేపటికి తలెత్తి కిందికి చూశాను. మా అమ్మాయి కూర్చోలేదు. నొప్పి కాలు నేలకు ఆనించకుండా రాతి పక్కనే నిలబడి ఉంది. అరచేతికి అంటిన సున్నం చీరకు తుడుచుకోలేదు. ఆ తెల్లటి చెయ్యి ఎండకు అడ్డంగా కళ్ళ మీద పెట్టుకుని, నేను ఎప్పుడు లేస్తానా అని పైకి చూస్తోంది.